పిడికెడు

ఎసరు మరిగేలోపు ఒక పని ఉంటుంది మా కొండల్లో.
కడగబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి
పొయ్యి పక్కన రేకుడబ్బాలో వెయ్యడం.
బుహ్‌ఫాయి థామ్ అంటాం. దేవుడి వాటా.
అమ్మ వేసేది, అమ్మమ్మ వేసేది.
నాకు అక్షరాలకంటే ముందు ఆ కొలత వచ్చింది.

వెదురు పూసిన ఏడాది సంగతి చెబుతాను.
నలభై ఎనిమిదేళ్లకోసారి పూస్తుందది.
చూడ్డానికి అందమే.
ఆ గింజలు తిని ఎలుకలు ఈనుతాయి,
గింజలయ్యాక చేలమీద పడతాయి.
ఒక్క రాత్రి చాలు.
తెల్లారి మా ఆయన ఖామ్‌లియానా
కొండవాలున పోడుకి వెళ్లి
కొడవలి తుడుచుకోకుండానే తిరిగొచ్చాడు.
తుడవడానికి దానికేమీ అంటలేదు.

ఆ సాయంత్రం డబ్బా ముందు నిలబడ్డాను.
పోయినేటి బియ్యం, అన్నమైతే నాలుగు రోజులకి,
గంజి అయితే ఆరు.
ముగ్గురు పిల్లలు.
పిడికిలి మూశాను గాని గట్టిగా మూయలేదు.
వేళ్ల సందుల్లోంచి జారిపోనిచ్చాను,
నా బియ్యం నా గిన్నెలోకే.
చూసేదెవరు? పొయ్యిగడ్డ మీద పిల్లి.

రాత్రి దీపం దగ్గర వాక్యం తెరిస్తే ఆవిడే ఎదురైంది,
ఊరి గుమ్మం దగ్గర పుల్లలు ఏరుకుంటున్న విధవరాలు.
తొట్టి అడుగున పిండి, బుడ్డి అడుగున నూనె.
నేనూ నా కొడుకూ తింటాం, ఆ తర్వాత చచ్చిపోతాం అంటోంది,
రేపటి పని చెబుతున్నట్టు, అంత మామూలుగా.
ప్రవక్త ఏమన్నాడు? ముందు నాకో చిన్న రొట్టె అన్నాడు.
ముందు!
నిజం చెబుతున్నాను, ఆయనమీద కోపమొచ్చింది.
ఆకలి తెలిసిన మనిషేనా అనుకున్నాను.
వెనక్కి తిప్పి చదివితే, తెలుసు.
కాకులు తెచ్చింది తిని బతికినవాడు,
తాగే వాగు ఎండిపోతే లేచి వచ్చినవాడు.
ఆ ఆడమనిషిని అడగడానికి ఎంత సిగ్గుపడ్డాడో
రాసినవాళ్లు రాయలేదు.

నమ్మానా? లేదు.
మర్నాడు పిడికిలి పూర్తిగా మూశాను, అంతే.
నమ్మకం ముందు వేళ్లలోకి వచ్చింది.
గుండెదాకా రావడానికి ఇంకా టైం పట్టింది.

శనివారం పి వాన్‌చుంగి వచ్చింది గోనెసంచి భుజానేసుకుని.
ఇంటింటి డబ్బాలూ వంపుకుపోయే మనిషి.
తూకం చూడదు, మొహం చూడదు.
ఈ వారం ఏ ఇంట్లో వంపినా ఒకటే చప్పుడమ్మా అంది,
రేకుమీద నాలుగు చినుకులు పడ్డట్టు.

మూడో వారం సంఘ పెద్దలు
ఆ సంచుల్ని ఊళ్లోకే తిప్పి పంపారు.
నా వంతు చేటలో పోసి రాళ్లు ఏరుతున్నాను.
ఎర్రవి, తెల్లవి, జిగురు బియ్యం, చంఫాయ్ సన్నాలు,
రేషన్ ముతకవి, ఎవరింటి అటకదో పొగవాసన.
వాటి మధ్య మా పోడు గింజ, మొనలో నల్లమచ్చ.
అయిదో ఆరో ఉన్నాయి.
గట్టిగా మూసిన రోజువి.

చేట పక్కనపెట్టి కూర్చుండిపోయాను.
ఆ విధవరాలి తొట్టి అడుగున ఊట ఉందనుకునేదాన్ని చిన్నప్పుడు.
ఊట ఉందో, చీకట్లో తలుపు తట్టే ఇరుగమ్మ ఉందో
ఇప్పుడు అడగను.
పిండి అయిపోలేదనే రాసుంది, పొంగి పొర్లిందని రాయలేదు.
ఇవాళ్టిది ఇవాళ. రేపటిది రేపు.

కొన్నిరోజులు అదీ చాలలేదు. అడవిదుంపలు తవ్వుకున్నాం.
మా చిన్నదానికి జ్వరమొచ్చి తగ్గింది.
పక్కింటి పిల్లాడికి తగ్గలేదు.
వాళ్లమ్మ కూడా రోజూ డబ్బాలో వేసిందే.
దీనికి నా దగ్గర వాక్యం లేదు.
ఆవిడ పక్కన కూర్చున్నాను, బియ్యం మాట ఎత్తకుండా.
నలభయ్యో రోజునో ఏమో, వాళ్లింట్లో
రేకు మూత తీసిన చప్పుడు వినబడింది.
ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇప్పుడు నా వేళ్లు మూసుకోవు, కీళ్లవాతం.
కోడలు గీతలున్న కప్పు కొనుక్కొచ్చింది.
వద్దన్నాను.
మూసుకోని చేత్తోనే తీస్తాను.
సగం కింద పడతాయి, కోళ్లు ఏరుకుంటాయి.
మిగతావి డబ్బాలో మోగుతాయి.
ఉండు, ఎసరు మరుగుతోంది.